స్పెషలైజ్డ్ హైస్కూల్ అకాడమీకి కరికులం రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అకాడమీ పెడదామనుకునే స్కూళ్ల వాళ్లు ఫోన్ చేసినా, కమిటీలో పక్క కుర్చీలో కూర్చున్నా అడిగేవి దాదాపు ఇవే. చెప్పిందే చెప్పి నోరు నొచ్చి, చివరికి రాసి పెడుతున్నాను. దశల వారీగా సర్దాను. మీకు అడ్డుపడిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మిగతావి చదవకపోయినా నష్టం లేదు. ఇక్కడ హైస్కూల్ అంటే సుమారు 14 నుంచి 18 ఏళ్ల పిల్లలు చదివే నాలుగేళ్లు.

## మొదలుపెట్టక ముందు

అకాడమీ అంటే ఏంటి? ఒక సెక్షన్‌కి కొత్త బోర్డు తగిలించడమేనా?

బోర్డు తగిలించి వదిలేసినవి చాలానే ఉన్నాయి. అసలు ఈ పేరుతో రెండు రకాల బడులు నడుస్తున్నాయి. ఒకటి, ఏదో ఒక వృత్తి రంగం చుట్టూ కట్టుకున్నది: ఆరోగ్యం, ఫైనాన్స్, ఇంజినీరింగ్ లాంటివి. ఈ రకంలో మొదటిది 1969లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, థామస్ ఎడిసన్ హైస్కూల్లో విద్యుత్ రంగం కోసం మొదలైంది. చదువు మధ్యలో మానేస్తున్న పిల్లల్ని నిలబెట్టడం దాని ఉద్దేశం. రెండోది, ఒక చదువులో లోతుకి దిగేది. 1938లో న్యూయార్క్‌లో మొదలైన బ్రాంక్స్ హైస్కూల్ ఆఫ్ సైన్స్, గణిత శాస్త్రవేత్త కొల్మొగోరోవ్ చొరవతో 1963లో మాస్కోలో పెట్టిన ఫిజిక్స్, గణితం బోర్డింగ్ స్కూలు, 1980లో తెరిచిన నార్త్ కరొలైనా స్కూల్ ఆఫ్ సైన్స్ అండ్ మ్యాథమెటిక్స్ ఈ కోవలోవి.

ఏ రకమైనా నేను చూసేవి మూడు. ఒకే పిల్లల గుంపు, ఒకే టీచర్ల బృందం ఒకటి రెండేళ్లయినా కలిసి ఉంటున్నారా? థీమ్, అంటే అకాడమీ ఎంచుకున్న రంగం, ఒక్క పీరియడ్‌లోనే కాక మరో రెండు మూడు సబ్జెక్టుల్లోకి కూడా వెళ్లిందా? ఆ రంగంలో పనిచేసే పెద్దవాళ్లు పిల్లలకి కనిపిస్తున్నారా? ఇవి లేకపోతే మీ దగ్గర ఉన్నది ఒక ఐచ్ఛిక సబ్జెక్టు. అదీ మంచిదే. దానికి ఇంత కరికులం అక్కర్లేదు.

ఇది నిజంగా పనిచేస్తుందని ఎవరైనా పరీక్షించి చూశారా?

చూశారు. వృత్తి అకాడమీల మీద ఎండీఆర్‌సీ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 1990లలో తొమ్మిది హైస్కూళ్లలో అధ్యయనం మొదలుపెట్టింది. దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్లో కొందరికి లాటరీ పద్ధతిలో సీటిచ్చి, సీటు రాని వాళ్లతో పోలుస్తూ ఏళ్ల తరబడి వెంట నడిచింది. హైస్కూల్ ముగియాల్సిన గడువు దాటిన ఎనిమిదేళ్లకి చూస్తే, అకాడమీ పిల్లల వార్షిక సంపాదన సగటున 11 శాతం ఎక్కువ. ఆ లాభం ఎక్కువగా మగపిల్లల్లో కనిపించింది. కానీ పరీక్ష మార్కుల్లోనూ, హైస్కూల్ పూర్తి చేయడంలోనూ, పైచదువుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తల్లిదండ్రుల మీటింగులో సంపాదన గురించిన వాక్యం మాత్రమే చదివేవాళ్లని చూశాను. మార్కుల్లో తేడా లేదన్నది కూడా చదవాలి. అకాడమీలో చేర్పిస్తే మార్కులు పెరుగుతాయని బ్రోషర్‌లో వేయకండి.

థీమ్ ఎంత ఇరుకుగా ఉండాలి? ‘డ్రోన్ అకాడమీ’ అంటే పిల్లలు ఎగబడి వస్తారు కదా?

మొదటి ఏడాది వస్తారు. మూడో ఏడాదికి మీ దగ్గర చెప్పడానికి ఏం ఉంటుందన్నది ప్రశ్న. నాలుగేళ్లకీ కోర్సుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. మూడో ఏడాది కోర్సు మొదటి ఏడాది కోర్సుకే కాస్త ఖరీదైన కిట్టు తగిలించినట్టు కనిపిస్తే థీమ్ చాలలేదని అర్థం. డ్రోన్ ఒక వస్తువు. దాని వెనక ఉన్నవి నియంత్రణ వ్యవస్థలు, ఏరోడైనమిక్స్, మ్యాపింగ్. ఇవి నాలుగేళ్లు సరిపోతాయి.

ఇంకో పరీక్ష: ఈ రంగంలో ఉండే పది ఉద్యోగాలు రాయండి. హైస్కూల్ అయ్యాక ఏడాది శిక్షణతో వచ్చేవి, డిగ్రీతో వచ్చేవి, పీహెచ్‌డీ దాకా వెళ్తే గానీ రానివి, మూడూ ఆ జాబితాలో ఉండాలి. అన్నీ ఒకే మెట్టు మీద ఉంటే ఆ అకాడమీ ఒక రకం పిల్లలకే పనికొస్తుంది.

పద్నాలుగేళ్ల పిల్లని ఇప్పుడే ఒక దారిలోకి నెట్టేయడం తప్పు కాదా?

నెట్టేస్తే తప్పే. అందుకే ఒక్క నియమం దగ్గర నేను మొండిగా ఉంటాను: ఈ అకాడమీలో చదివిన పిల్ల చివరి ఏడాది మనసు మార్చుకుని సంబంధం లేని డిగ్రీకి వెళ్తానన్నా, ఆ దరఖాస్తు ఫారంలో అడిగే సబ్జెక్టులన్నీ ఆమె దగ్గర ఉండాలి. అంటే గణితం, భాష, ల్యాబ్ ఉన్న సైన్స్, సామాజిక శాస్త్రం పూర్తి స్థాయిలో నడవాలి. ‘ఆరోగ్య రంగం వాళ్లకి గణితం ఇంత చాలులే’ అని ఎవరో తగ్గిస్తారు. తగ్గించిన ఆ ముక్క దగ్గరే రెండేళ్ల తర్వాత తలుపు మూసుకుంటుంది.

మొదటి ఏడాదిని పరిచయానికి వదలండి. థీమ్ కోర్సు ఒక్కటే, అది కూడా రంగంలోని నాలుగైదు మూలల్ని రుచి చూపించేది. లోతు రెండో ఏడాది నుంచి.

ఎంట్రన్స్ టెస్ట్ పెట్టాలా?

సీట్లకంటే దరఖాస్తులు తక్కువైతే అక్కర్లేదు. ఎక్కువైతే, టెస్ట్ దేన్ని కొలుస్తోందో ముందు తేల్చుకోండి. ఇదివరకే కోచింగ్ దొరికిన వాళ్లని ఏరడం సులువు, ఆసక్తి ఉన్నవాళ్లని ఏరడం కష్టం. నాకు నచ్చిన పద్ధతి: ఒక పూట నిజమైన పాఠం చెప్పి, దాని మీద చిన్న పని ఇచ్చి, పిల్లలు ఎలా ప్రయత్నిస్తారో చూడటం. టైమ్ తింటుంది, నిజమే. కనీస అర్హత మాత్రమే పెట్టి ఆపైన లాటరీ వేయడం కూడా మర్యాదైన మార్గమే.

## ప్రణాళిక రాసేటప్పుడు

టెక్స్ట్‌బుక్కులు ముందు పెట్టుకుని కూర్చున్నాం. పని కదలడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

చివరి నుంచి. నాలుగేళ్లు అయ్యాక బయటికి వెళ్లే పిల్లవాడు, ఎవరూ పక్కన లేకుండా, ఏం చేయగలగాలి? ఐదారు వాక్యాలు చాలు. ‘తెలుసుకుంటాడు’, ‘అవగాహన పొందుతాడు’ లాంటి క్రియలు వద్దు. ‘ఒక ఇంటి విద్యుత్ వాడకాన్ని కొలిచి, ఎక్కడ తగ్గించొచ్చో లెక్కలతో చూపి, సాంకేతిక జ్ఞానం లేని యజమానికి రెండు పేజీల్లో రాసి ఇస్తాడు’ అన్నట్టు రాయండి. ఆ తర్వాత, అది వచ్చిందని ఏ పని చూసి నమ్ముతాం అన్నది. పాఠాలు, పుస్తకాలు వచ్చేది మూడో అడుగులో. అమెరికన్ విద్యావేత్తలు గ్రాంట్ విగిన్స్, జే మక్‌టై 1990లలో ప్రచారంలోకి తెచ్చిన వెనక నుంచి ముందుకి రాసే పద్ధతి ఇదే. ఇంకా వెనక్కి వెళ్తే 1949లోనే మరో అమెరికన్ విద్యావేత్త రాల్ఫ్ టైలర్ కూడా లక్ష్యం ఏంటన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాడు.

పుస్తకం ముందు పెట్టుకుంటే మనకి తెలియకుండానే అధ్యాయాల వరుసే ప్రణాళిక అయిపోతుంది. పుస్తకాలు బల్ల మీద నుంచి తీసేసి కూర్చోండి. మొదటి రోజు చిరాకుగా ఉంటుంది, రెండో రోజుకి పని కదులుతుంది.

గంటలు సరిపోవడం లేదు. ఎలా లెక్కేసుకోవాలి?

ఏడాదికి 180 పనిదినాలు, రోజుకో 45 నిమిషాల పీరియడ్ అనుకుందాం. 135 గంటలు. అమెరికా హైస్కూళ్లు కోర్సు గంటల్ని కొలవడానికి వాడే 1906 నాటి కార్నెగీ యూనిట్ లెక్కలో ఒక సబ్జెక్టుకి ఏడాదికి 120 గంటలు కావాలి. అంటే 160 పీరియడ్లు. చేతిలో మిగిలేవి 20. అందులోనే పరీక్షలు, క్రీడా దినోత్సవం, టీచర్‌కి జ్వరం, కరెంటు పోయిన రోజు, ప్రొజెక్టర్ మొరాయించిన రోజు.

నేను మొదటిసారి రాసిన ప్రణాళికలో 180కి 180 నింపేశాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! ఒక్క గడి ఖాళీ లేదు. ఏడాది సగం దాటేసరికి మూడు వారాలు వెనకబడ్డాం. చివరికి కోత పడింది దేనికి? వరుసలో ఆఖర్న ఉన్నదానికి, అంటే ఏడాది పొడవునా దేనికోసం సిద్ధమయ్యారో ఆ ప్రాజెక్టుకే. ఇప్పుడు 140 పీరియడ్లకి తప్పనిసరి పాఠం రాస్తాను. 20 పీరియడ్లకి ఉంటే బాగుండు అనిపించేవి. మిగతా 20 ఖాళీ. ఆ ఖాళీని చూసి ‘ఇక్కడ ఇంకో టాపిక్ పెట్టొచ్చుగా’ అనే మనిషి ప్రతి కమిటీలో ఒకరుంటారు. గడి మీద ‘ఖాళీ’ అని సిరాతో రాయండి.

ఏది తీసేయాలో ఎవరూ ఒప్పుకోవడం లేదు. ప్రతి టాపిక్కూ ముఖ్యమే అంటున్నారు.

అనడం సహజం, ఎవరి సబ్జెక్టు వాళ్లకి ముద్దు. వాదన పెట్టుకోకుండా ఒక పని చేయండి. ఒక్కో టాపిక్‌ని ఒక్కో చీటీ మీద రాయించండి. ప్రతి చీటీ వెనక, ‘ఇది లేకపోతే తర్వాత ఏ పాఠం ఆగిపోతుంది’ అని ఆ టీచర్ చేతే రాయించండి. వెనక ఏమీ రాయలేని చీటీలు పక్కకి వస్తాయి. అవన్నీ తీసేయాలని కాదు. కొన్ని అందంగా ఉంటాయని ఉంచుకుంటాం, అది కూడా కారణమే. కానీ దేన్ని ఎందుకు ఉంచామో తెలుస్తుంది.

గణితం, చరిత్ర, భాష, అన్నిటినీ థీమ్‌తో కలపాలా?

వద్దు. కలిసేచోట కలపండి, కలవనిచోట వదిలేయండి. ఆరోగ్య అకాడమీలో గణాంక శాస్త్రం చెప్పేటప్పుడు క్లినికల్ ట్రయల్ డేటా తీసుకోవడం సహజం. రోగి చెప్పింది విని నాలుగు వాక్యాల్లో రాయడం భాష క్లాసుకి చక్కటి అభ్యాసం. ఒక ఊళ్లో కలరా ఎలా పాకిందో చరిత్రలో చెప్పుకోవచ్చు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో జాన్ స్నో అనే డాక్టర్ కలరాతో చనిపోయినవాళ్ల ఇళ్లని మ్యాప్ మీద గుర్తు పెట్టి నీటి పంపు మీద వేలు చూపిన ఉదంతం ఒక్కటి చాలు, చరిత్ర టీచరూ గణితం టీచరూ జీవశాస్త్రం టీచరూ ఒకే వారం ముగ్గురూ వాడుకుంటారు.

అదే ఉత్సాహంలో కవిత్వ పాఠాన్ని కూడా ‘కవిత్వంలో ఊపిరితిత్తులు’ అని మార్చేస్తే ఇటు కవిత్వం పోతుంది, అటు ఊపిరితిత్తులూ రావు. టర్ముకి ఒక్క గట్టి ముడి, రెండు మూడు సబ్జెక్టుల మధ్య, బాగా వేయండి. అది కూడా ఆ టీచర్లకి వారానికొక ఉమ్మడి పీరియడ్ టైమ్‌టేబుల్‌లో ఇస్తేనే. స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ మాట్లాడుకుంటారులే అనుకుంటే జరగదు.

ఏ పాఠం ముందు, ఏది వెనక అన్నది అంత పెద్ద విషయమా?

నేను చూసిన అకాడమీల్లో ఎక్కువ తంటాలు ఇక్కడే వచ్చాయి. ఒక బయోటెక్నాలజీ అకాడమీలో మొదటి ఏడాది ఎనిమిదో వారంలో పీహెచ్ ప్రయోగం పెట్టారు. పిల్లలు మీటర్ ముంచారు, రీడింగ్ రాసుకున్నారు, గ్రాఫ్ గీశారు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. వెనక బెంచీ దగ్గర ఒక కుర్రాణ్ని అడిగాను: ‘బాబూ, పీహెచ్ 3 ద్రావణానికీ 5 ద్రావణానికీ ఆమ్లత్వంలో తేడా ఎంత?’ ‘రెండు సార్.’ పక్కవాళ్లూ అదే అన్నారు. నిజానికి తేడా వంద రెట్లు. పీహెచ్ లాగరిథమ్ కొలమానం, ఒక్కో అంకెకి పది రెట్లు. లాగరిథమ్‌లు వాళ్ల గణితం ప్రణాళికలో రెండో ఏడాది చివర్లో ఉన్నాయి. కెమిస్ట్రీ టీచర్‌దీ తప్పు కాదు, గణితం టీచర్‌దీ తప్పు కాదు. ఇద్దరి ప్రణాళికలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే లేరు.

పరిష్కారం చాలా సాదా. గోడ మీద వారాల వారీగా గీతలు గీసి, ప్రతి సబ్జెక్టునీ ఒక వరుసగా అంటించండి. ప్రతి ల్యాబ్ చీటీ నుంచి దానికి కావలసిన గణితం చీటీకి దారం కట్టండి. దారం కుడి నుంచి ఎడమకి నడిస్తే సరే. ఎడమ నుంచి కుడికి వెళ్తే, అంటే ఇంకా చెప్పని దాని మీద ఆధారపడితే, రెంటిలో ఒకటి జరపాలి. ఆ అకాడమీలో పీహెచ్‌ని జరపలేదు. ‘పది రెట్ల మెట్లు’ అని మూడు పీరియడ్ల చిన్న పాఠం గణితంలో ముందుకి తెచ్చారు, అసలు లాగరిథమ్‌లు తమ చోటనే ఉన్నాయి. ఒక భావాన్ని మొదట తేలిగ్గా పరిచయం చేసి, తర్వాతి ఏళ్లలో మళ్లీ లోతుగా తిరిగి రావడం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లోనే రాశాడు.

బయటి బోర్డు పరీక్షల సిలబస్ ఒకటి ఉంది. దాని పైన ఇది ఇంకో బరువు కాదా?

రెండు సిలబస్‌లు వేర్వేరుగా నడిపితే బరువే. బోర్డు సిలబస్‌ని వరుసగా రాసి, ప్రతి అంశం ఎదురుగా అకాడమీ కోర్సులో అది ఎక్కడ వస్తుందో రాయండి. థీమ్ కోర్సు బోర్డు సిలబస్‌లో గణనీయమైన భాగాన్ని తనే మోసేస్తే సమయం మిగులుతుంది. ఏమీ మోయకపోతే పిల్లలు సాయంత్రం ఐదింటికి కూడా బళ్లోనే ఉంటారు. పరీక్ష ఏడాదిలో కొత్త థీమ్ కోర్సు పెట్టకండి, ఆ ఏడాది ప్రాజెక్టు ముగించడానికే చాలు.

వేరే అకాడమీ వాడుతున్న కరికులం కొనేస్తే పోదా?

మొదటి ఏడాదికి మంచి ఆలోచనే. పరికరాల జాబితా, భద్రతా నియమాలు, పాఠాల వరుస రెడీగా దొరుకుతాయి. కొనేముందు రెండు అడగండి: మార్చుకోవడానికి అనుమతి ఉందా? ప్రతి ఏడాదీ వాడిపారేసే సామాన్లకి ఎంత అవుతుంది? మొదటి ఏడాది గ్రాంటు డబ్బుతో కిట్లు కొని, మూడో ఏడాది రీఫిల్స్‌కి డబ్బు లేక అల్మరాలో తాళం వేసిన బళ్లు నాకు తెలుసు.

## క్లాసులు నడుస్తున్నప్పుడు

ఇండస్ట్రీ నుంచి ఒక ఇంజినీర్‌ని తెస్తే సరిపోదా? టీచర్లకి ఈ రంగం తెలియదు.

రంగం తెలియడం ఒకటి, పదిహేనేళ్ల పిల్లలు ముప్పై మంది ఉన్న గదిలో అది చెప్పడం ఇంకొకటి. ఒంటరిగా వదిలేస్తే మొదటి నెలలోనే వాళ్లు బెంబేలెత్తుతారు, పిల్లలు అల్లరెత్తుతారు. కుదిరితే జంటగా పెట్టండి: టీచర్ పాఠాన్ని నడుపుతారు, ఇంజినీర్ పనిని చూపిస్తారు. కుదరకపోతే మీ టీచర్లనే సెలవుల్లో రెండు వారాలు ఆ రంగంలోని చోటికి పంపండి. అక్కడి నుంచి తెచ్చుకున్న ఒక్క నిజమైన లోపం కథ, ఒక్క పాత డ్రాయింగు ఏడాది పాఠాలకి ఉప్పులా పనిచేస్తాయి.

అంతా ప్రాజెక్టులతోనే నేర్పేయొచ్చా?

ప్రాజెక్టులంటే నాకూ ఇష్టమే, కానీ అంతా అంటే కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి విప్పి చూపించిన ఉదాహరణలు ఎక్కువ పనికొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1980ల నుంచి చేసిన ప్రయోగాలు చూపించాయి. అనుభవం పెరిగేకొద్దీ ఆ సాయం తగ్గించాలి.

ఒక రోబోటిక్స్ క్లాసు చూడండి. నల్ల గీత వెంట నడిచే బండి. ఒక జట్టు స్క్రూ తిప్పుతూ, అంకెలు మార్చుతూ, గంటన్నరకి ఎలాగో నడిపించింది. చప్పట్లు. ట్యూబ్‌లైట్ ఆర్పగానే బండి గీత వదిలేసింది. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, సెన్సార్ చదువుతున్నది గీత మీద నుంచి తిరిగొచ్చే వెలుతురునని అనుకోలేదు. ఇంకో జట్టు ముందే వెలుగులో పది రీడింగులు, చీకట్లో పది రీడింగులు తీసి పట్టిక వేసుకుంది. వాళ్ల బండి కాస్త నెమ్మది, కానీ లైట్ ఆర్పినా నడిచింది. ఆ రెండో జట్టుకి అంతకు ముందు వారం ‘రీడింగులు ఎందుకు ఊగుతాయి’ అన్న మామూలు బోర్డు పాఠం దొరికింది. అదే తేడా.

నేను వాడే లయ: రెండు మూడు వారాలు సూటిగా పాఠం, చిన్న చిన్న అభ్యాసాలు, తర్వాత రెండు వారాల ప్రాజెక్టు. ఇప్పుడే చెప్పిన పాఠం వాడకపోతే ముందుకి కదలని ప్రాజెక్టు ఎంచుకోవాలి.

ఇంటర్న్‌షిప్ పెట్టాం. పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో అర్థం కావడం లేదు.

ఒక అమ్మాయి లాగ్‌బుక్ చదివాను: ‘ఈ రోజు 212 పేజీలు జిరాక్స్ తీశాను.’ మర్నాడు 140. పాపం, లెక్క మాత్రం నిజాయితీగా రాసింది. పంపిన బడి ‘మా పిల్లల్ని చేర్చుకోండి’ అని తప్ప వాళ్లకి ఇంకేమీ చెప్పలేదు. చేర్చుకునేవాళ్లకి ఒక పేజీ ఇవ్వండి: ఈ పిల్లలకి ఏం వచ్చు, ఏం చేయించొచ్చు, ఏం చేయించకూడదు. మైనర్ల చేత చేయించకూడని పనుల గురించి మీ దేశపు చట్టం చూసి రాయాలి, అందులో మొహమాటం వద్దు. పిల్లలకి ఒక ప్రశ్న ఇచ్చి పంపండి: ‘ఇక్కడ ఒక పని మొదటి నుంచి చివరి దాకా ఎన్ని చేతులు మారుతుంది?’ లాంటిది. తిరిగొచ్చాక దానికి జవాబు క్లాసులో చెప్పాలి.

ఇంటర్న్‌షిప్ మూడో ఏడాదికి ముందు వద్దు. మొదటి ఏడాది సందర్శన, రెండో ఏడాది ఒకరి వెనక ఒక రోజు తిరగడం చాలు.

కొందరు మొదటి నెలలోనే వెనకబడిపోతున్నారు. అకాడమీ వాళ్లకి కాదా?

అలా తేల్చేయకండి. వెనకబాటు చాలాసార్లు థీమ్‌లో కాదు, భిన్నాలు, యూనిట్లు మార్చడం, ఒక పేరా చదివి సారం చెప్పడం దగ్గర ఉంటుంది. చేరిన మొదటి వారంలో మార్కులు లేని టెస్ట్ పెట్టి ఎక్కడ గండి ఉందో చూడండి. మూడు వారాల బ్రిడ్జ్ పాఠాలు అందరికీ, ఆ తర్వాత కావలసినవాళ్లకి వారానికి రెండు పీరియడ్లు. అవి థీమ్ పీరియడ్ నుంచి కోయకండి. పిల్లవాడు దేనికోసం వచ్చాడో దాన్నే తీసేస్తే ఇక ఎందుకు వస్తాడు?

మాది సంగీతం, నాటకం అకాడమీ. ఇదంతా మాకు వర్తిస్తుందా?

గంటల లెక్క మారుతుంది. 45 నిమిషాల్లో వాయిద్యం శృతి చేసుకునేసరికే పావు వంతు పోతుంది, రిహార్సల్‌కి కనీసం గంటన్నర బ్లాకు కావాలి. ప్రదర్శన తేదీలే మీ కేలండర్‌కి స్తంభాలు. జాగ్రత్త పడాల్సింది ఒక్కటి: ప్రదర్శనకి తయారవడమే చదువు అనుకుని ఏడాదంతా రెండు మూడు అంశాలే దిద్దుకుంటూ కూర్చోవడం. చూసి వాయించడం, కొత్తది వెంటనే అందుకోవడం, తోటివాళ్ల పని మీద మర్యాదగా, నిర్దిష్టంగా మాట్లాడటం, వీటికి విడిగా సమయం పెట్టండి.

పిల్లలు ఏఐ చేత రిపోర్టులు రాయించేస్తున్నారు. కరికులంలోనే ఏమైనా చేయొచ్చా?

పోలీసుపని టీచర్ నెత్తిన పెట్టకండి, ఎవరు రాశారో కనిపెట్టే సాఫ్ట్‌వేర్లని నమ్మి పిల్లల్ని దోషులుగా నిలబెట్టకండి. పని తయారైన క్రమాన్ని కూడా మార్కుల్లోకి తీసుకురండి: చేతిరాత ల్యాబ్ నోట్‌బుక్, తేదీలతో చిత్తు ప్రతులు, ఐదు నిమిషాల మౌఖిక ప్రశ్న. ఏ పనిలో ఏఐ వాడొచ్చు, ఏ పనిలో వద్దు అన్నది ప్రతి అసైన్‌మెంట్ పైనే ఒక వాక్యంలో రాయండి. మొదటి ఏడాది మౌలిక నైపుణ్యాల్లో వద్దనే నా అభిప్రాయం. చివరి ఏడాది, అది ఇచ్చిన జవాబులో తప్పు పట్టుకోవడమే ఒక అసైన్‌మెంట్ కావచ్చు.

## మార్కులు, ఆఖరి ప్రాజెక్టు, సవరణలు

గ్రూప్ ప్రాజెక్టుకి మార్కులు న్యాయంగా ఎలా వేయాలి?

వస్తువుకి జట్టు మార్కు, అవగాహనకి ఒంటరి మార్కు. ప్రతి పిల్లవాడినీ విడిగా పిలిచి, తను చేయని భాగం గురించి ఒక ప్రశ్న అడగండి. కలిసి పనిచేసినవాళ్లు చెప్పగలరు.

రూబ్రిక్‌లో, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికలో, నాలుగు అంశాలు మించకండి. ‘మంచి అవగాహన కనబరిచాడు’ అన్న వాక్యం ఇద్దరు టీచర్ల చేతుల్లో రెండు వేర్వేరు మార్కులవుతుంది. ‘తన కొలతలో ఎంత దోషం ఉండొచ్చో అంకెతో చెప్పాడు’ అంటే ఆ తేడా రాదు. రూబ్రిక్ రాశాక ఇద్దరు టీచర్లు అవే ఐదు పనులకి విడివిడిగా మార్కులు వేసి పోల్చుకోవాలి. తేడా వచ్చినచోట మార్చాల్సింది ఆ వాక్యాన్ని.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఎంత పెద్దదిగా ఉండాలి?

ఒక కొలత కావాలంటే, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) డిప్లొమాలో పిల్లలు రాసే విస్తృత వ్యాసానికి 4,000 మాటల పరిమితి. ఆ వయసుకి అది చాలా గంభీరమైన పనే. మీ ప్రాజెక్టులు కూలిపోతే ప్రశ్న పెద్దదై కూలుతాయి, పిల్లలు చిన్నవాళ్లై కాదు. ‘వాతావరణ మార్పు ప్రభావం’ అని వచ్చిన ఒక పిల్లవాడి ప్రశ్నని నాలుగు వారాలు చెక్కితే ఇలా తేలింది: ‘బడి పైకప్పుకి తెల్లరంగు వేస్తే కింది గదిలో మధ్యాహ్నం రెండు గంటలకి ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుంది?’ థర్మామీటర్లు, ఒక నిచ్చెన, రంగు వేసిన ఒక గది, వేయని ఒక గది. నాలుగు నెలల్లో అయిపోయింది. ప్రశ్న చెక్కడానికి ఆ నాలుగు వారాలు ముందే కేలండర్‌లో పెట్టండి.

కరికులం ఎన్నాళ్లకోసారి మార్చాలి? టెక్నాలజీ రోజూ మారుతోంది కదా.

టెక్నాలజీ మారుతుంది, దాని కింద ఉన్నవి అంత తొందరగా మారవు. ప్రణాళికని రెండు పొరలుగా రాయండి. కింది పొరలో భావాలు, నైపుణ్యాలు: కొలవడం, దోషాన్ని అంచనా వేయడం, సమస్యని ముక్కలు చేయడం. ఇది మూడు నాలుగేళ్లకోసారి. పై పొరలో సాఫ్ట్‌వేర్, పరికరాలు, ఉదాహరణలు. ఇది ఏటా. ప్రతి యూనిట్ అయిన వారంలోనే టీచర్ మూడు వాక్యాలు రాయాలి: ఎన్ని పీరియడ్లు పట్టింది, ఎక్కడ పిల్లలు తడబడ్డారు, వచ్చేసారి ఏం తీసేయాలి. ఏడాది చివర్లో అడిగితే ఎవరికీ గుర్తుండదు.

మధ్యలో ఒక పిల్ల మామూలు హైస్కూల్‌కి వెళ్లిపోతానంటోంది. మేం ఎక్కడ తప్పు చేశాం?

తప్పే చేసి ఉండాలని లేదు. నర్సింగ్ అనుకుని వచ్చి, ఏడాదిలో తనకి అది వద్దని తెలుసుకోవడం కూడా చదువే, కాలేజీలో డబ్బు కట్టాక తెలియడం కన్నా నయం. మీరు చూడాల్సింది ఆమె సర్టిఫికెట్. ‘ఇన్నోవేషన్ స్టూడియో 2’ అని కోర్సు పేరు పెడితే అవతలి స్కూల్ ఆఫీసులో అది ఏ సబ్జెక్టు కింద వేయాలో తెలియక పక్కన పెడతారు, పిల్లకి ఒక ఏడాది సైన్స్ క్రెడిట్ పోతుంది. అదే కోర్సుకి ‘అనువర్తిత భౌతిక శాస్త్రం, ల్యాబ్‌తో, 120 గంటలు’ అని రాసి ఉంటే ఆ గుమాస్తా ఒక్క నిమిషంలో ఎక్కించేస్తారు. ఫ్యాన్సీ పేరు బ్రోషర్‌లో వాడుకోండి, సర్టిఫికెట్‌లో వద్దు.